ఉంగరం కాలిపోయాక మిగిలిన ఆరు అధ్యాయాలు: ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చదివాక నా అభిప్రాయం

చిరుగాలి:

నిన్న రాత్రి టోల్కిన్ ఫాంటసీ నవల ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చదవడం పూర్తయింది. సినిమాలు మూడూ చాలాసార్లు చూశాను కాబట్టి కథ తెలుసనే ధీమాతోనే మొదలుపెట్టాను. చీకటి ప్రభువు సౌరాన్ చేసిన ఉంగరం అగ్నిపర్వతంలో పడిపోతుంది, రాజవంశీకుడు అరగార్న్‌కి పట్టాభిషేకం, అందరూ ఇళ్లకి, అంతే కదా అనుకున్నాను. తీరా ఆ ఉంగరం కాలిపోయే చోటికి వచ్చి చూస్తే, చివర్న ఉన్న అనుబంధాలు కాక ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. సౌరాన్ పోయాక ఇంకా చెప్పడానికేముంది అని కొంచెం విసుగ్గానే పేజీ తిప్పాను. ఆ ఆరూ అయ్యేసరికి లేచి లైటు ఆర్పడానికి కూడా మనసు రాలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. టోల్కిన్ ముందున్న అన్ని వందల పేజీలూ రాసింది ఈ ఆరు అధ్యాయాలు చెప్పడానికే. గెలిచాక కూడా మానని గాయం ఒకటి ఉంటుందని ఇంత ఓపిగ్గా చెప్పిన ఫాంటసీ నేను ఇంకోటి చదవలేదు.

ముందుగా మౌంట్ డూమ్, ఉంగరాన్ని కాల్చెయ్యగల ఆ అగ్నిపర్వతం. అంత దూరం వెళ్లి, ఆ అంచున నిలబడి, దాన్ని మోసుకొచ్చిన ఫ్రోడో (షైర్ అనే పల్లెసీమలో ఉండే హాబిట్లనే పొట్టి మనుషుల్లో ఒకడు) ఉంగరం వెయ్యను అంటాడు, అది నాదే అంటాడు, వేలికి తొడుక్కుంటాడు. సినిమాలో తర్వాత అతను, ఉంగరం కోసం వెంటపడి వచ్చిన గొల్లమ్‌తో పెనుగులాడితే ఇద్దరూ అంచు దాటి జారతారు కాబట్టి, చివరికి అతనే ఏదో చేశాడన్న తృప్తి చూసేవాళ్లకి మిగులుతుంది. పుస్తకంలో అదీ లేదు. గొల్లమ్ వేలు కొరికేసి, ఉంగరం పైకెత్తి చూస్తూ సంతోషంతో గంతులేస్తూ కాలు తప్పి పడిపోతాడు. కథానాయకుడు తన పనిలో ఓడిపోయాడు, లోకం మాత్రం బతికింది. ఇంతకంటే ధైర్యమైన ముగింపు ఉంటుందా అనుకున్నాను, కానీ అసలు ముగింపు అది కాదు.

తర్వాత తేదీలు చూడండి. వెదర్‌టాప్ కొండ దగ్గర ఫ్రోడో భుజంలో సౌరాన్ సేవకుల కత్తి దిగింది అక్టోబర్ 6న. సరిగ్గా ఏడాదికి, అందరూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్తుంటే, బ్రూయినెన్ రేవు దగ్గర అతను గుర్రాన్ని నీళ్లలోకి దించలేక ఆగిపోతాడు. భుజం నొప్పిగా ఉంది, ఇవాళ్టికి ఏడాది అంటాడు. మాంత్రికుడు గాండాల్ఫ్ అంతటివాడు కూడా ధైర్యం చెప్పడు, కొన్ని గాయాలు పూర్తిగా మానవు అనే అర్థం వచ్చేలా ఓ మాట అంటాడు, అంతే. మరుసటి ఏడు అదే రోజున, అతని తోటమాలీ స్నేహితుడూ అయిన శామ్ గదిలోకి వస్తే ఫ్రోడో మొహం పాలిపోయి ఎటో చూస్తూ ఉంటాడు. ఆ రోజు ఏ తేదీయో శామ్‌కి తర్వాతెప్పుడో తడుతుంది. రచయిత దాని మీద ఒక్క పేరా కూడా ఉపన్యాసం ఇవ్వడు. తేదీ పెట్టి వదిలేస్తాడు.

చదివినవాళ్లు ఏమంటారు? ముఖ్యంగా ఆ చివరి భాగం సాగతీత అనుకునేవాళ్లు ఎందుకలా అనుకుంటున్నారో చెప్పండి, నిజంగా వినాలని ఉంది.

రాత్రిబండి:

చిరుగాలి గారూ, మీరు రాసింది చదివితే మళ్లీ పుస్తకం తియ్యాలనిపిస్తోంది, కానీ నా ఇబ్బంది చివర్లో కాదండీ, మొదట్లో. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపేశాను. ఫ్రోడోని పెంచిన బిల్బో నూట పదకొండో పుట్టినరోజు సందడి అవుతుంది, అతను మాయమవుతాడు, ఇక కథ పరుగెత్తుతుంది అనుకుంటే, గాండాల్ఫ్ వచ్చి ఉంగరం సంగతి బయటపెట్టేసరికి పదిహేడేళ్లు గడిచిపోతాయి. ఆ తర్వాతైనా ఫ్రోడో వెంటనే బయల్దేరతాడా, లేదు, ఇల్లు అమ్మాలి, సామాను సర్దాలి, నెలలు పడుతుంది. సరే అని అదీ దాటితే టామ్ బాంబడిల్. పాటలు పాడుతూ గెంతుతూ వచ్చే ఆయనకీ ఈ కథకీ ఏమిటి సంబంధం? ఉంగరం అతని మీద పనిచెయ్యదు, అతనికి యుద్ధంతో పనిలేదు. సినిమావాళ్లు ఆయన్ని పూర్తిగా తీసేస్తే కథ ఎక్కడైనా కుంటిందా? నాకైతే ఎక్కడా తేడా కనిపించలేదు. ఆయన ఇంటి దగ్గరే రెండుసార్లూ ఆగిపోయాను.

పాతపేజీ:

రాత్రిబండి గారూ, మీరు ఆగిపోయిన చోటే ఒక వస్తువు దొరుకుతుంది. సినిమాలు చూసేశారు కాబట్టి చెప్పేస్తున్నా.

బాంబడిల్ ఇంటి నుంచి బయల్దేరాక నలుగురు హాబిట్లూ పాత సమాధుల దిబ్బల్లో చిక్కుకుంటారు. బాంబడిల్ వచ్చి విడిపించి, ఆ సమాధిలో దొరికిన బాకులు నలుగురికీ తలా ఒకటి ఇస్తాడు. అవి మామూలు బాకులు కావు. అంగ్మార్ రాజుతో తరాల తరబడి పోరాడి ఓడిపోయిన మనుషులు చేసుకున్నవి. ఆ అంగ్మార్ రాజు ఎవరో తెలుసా? నాజ్గూల్ అనే సౌరాన్ సేవకుల నాయకుడే. ఇప్పుడు పెలెన్నార్ మైదానంలో యుద్ధానికి రండి. మగవేషంలో యుద్ధానికొచ్చిన ఎయోవిన్ అతని ఎదురుగా నిలబడి ఉంది, డాలు ముక్కలైంది, చెయ్యి విరిగింది. వెనక నుంచి ఆ నలుగురు హాబిట్లలో ఒకడైన మెర్రీ పాక్కుంటూ వచ్చి అతని మోకాలి వెనక పొడుస్తాడు, ఆ సమాధి బాకుతోనే. ఇంకే ఆయుధమూ, ఎంత బలవంతుడి చేతిలో ఉన్నా, అంత గాయం చేసి ఉండేది కాదని రచయిత అక్కడ ఆగి మరీ చెప్తాడు. ఆ బాకు చేసినవాడు ఎప్పుడో పోయాడు, రాజ్యం మట్టిలో కలిసిపోయింది, కానీ తన పనికి ఫలితం ఏమైందో తెలిస్తే అతను సంతోషించేవాడని ఒక వాక్యం రాస్తాడు. పేరు కూడా తెలియని ఒక పనివాడి గురించి, యుద్ధం మధ్యలో! ఆ వాక్యం దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

బాంబడిల్‌ని తీసేస్తే ఆ బాకు లేదు. సినిమాలో మెర్రీ పొడుస్తాడు, సరే, కానీ ఆ పోటు వెనక ఉన్న శతాబ్దాల బాకీ తీరడం అక్కడ లేదు. ఈ నవలలో చాలా పనులు ఇలాగే ఉంటాయి, విత్తనం ఒకచోట వేసి మర్చిపోయినట్టు కనిపిస్తాడు, ఆరొందల పేజీల తర్వాత మొలకెత్తుతుంది. గొల్లమ్ సంగతీ అంతే. బిల్బో జాలిపడి చంపలేదు, ఫ్రోడో జాలిపడి చంపలేదు, చివరికి మౌంట్ డూమ్ వాలు మీద, అసహ్యంతో ఊగిపోతున్న శామ్ కూడా కత్తి ఎత్తి దించేశాడు. ఆ ముగ్గుర్లో ఏ ఒక్కరు చంపినా ఉంగరం ఫ్రోడో వేలికే ఉండిపోయేది. చిరుగాలి గారు ఫ్రోడో ఓడిపోయాడు అన్నారు. ఆఖరి నిమిషంలో ఓడిపోయాడు, నిజమే, కానీ అంతకుముందు తను చూపించిన జాలే తన ఓటమిని కాపాడింది. నేను అలా చదువుకున్నాను.

గడ్డిపూలు:

ఎయోవిన్ పేరు వచ్చింది కాబట్టి నా గోడు కూడా చెప్తాను. ఈ పుస్తకాన్ని నేనూ ప్రేమిస్తాను, అందుకే కోపం కూడా వస్తుంది. ఉంగరంతో బయల్దేరిన తొమ్మిదిమందిలో ఒక్క ఆడమనిషి లేదు. అరగార్న్ పెళ్లాడే ఆర్వెన్ గురించి తెలుసుకోవాలంటే అనుబంధంలో వెతుక్కోవాలి, అసలు కథలో ఆమె మాట్లాడే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎల్ఫ్‌ల దొరసాని గలాడ్రియెల్ గొప్పగా ఉంటుంది కానీ దూరంగా ఉంటుంది. ఇక మిగిలింది ఎయోవిన్ ఒక్కతే, ఆమెని మాత్రం ఎంత బాగా రాశాడో. నీకు దేని భయం అని అరగార్న్ అడిగితే ఆమె చావు అనదు, పంజరం అంటుంది. ముసలితనం వచ్చి ఆ ఊచలకే అలవాటు పడిపోయి, ఇక ఏమీ చెయ్యాలన్న కోరిక కూడా చచ్చిపోయేదాకా లోపలే ఉండిపోవడం, దానికి భయం అంటుంది. పందొమ్మిదేళ్లప్పుడు చదివి ఆ పేజీ మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

అలాంటి మనిషి చివరికి వైద్యశాలలో, తనలాగే గాయపడిన యోధుడు ఫారామిర్‌ని చూసి, ఇక కత్తి పట్టను, మొక్కలు పెంచుతాను అంటుంది. ఏళ్ల తరబడి అది నాకు మింగుడు పడలేదు, ఆమెని కూడా సర్ది కూర్చోబెట్టేశాడు అనుకున్నాను. ఈమధ్య మళ్లీ చదివితే ఒక విషయం కనబడింది. ఫారామిర్ కూడా యుద్ధాన్ని ప్రేమించడు, కత్తిని దాని పదును కోసం ప్రేమించను అంటాడు. శామ్ చివరికి చేసే పనీ మొక్కలు నాటడమే. ఈ రచయితకి మొక్కలు పెంచడం చిన్న పని కాదేమో, ఉన్నవాటిలో పెద్దదేమో. సగం ఒప్పుకున్నాను, సగం ఇంకా ఒప్పుకోలేదు. ఆమె గాయానికి ఒక అధ్యాయంలో మందు దొరికింది, ఫ్రోడో గాయానికి ఎందుకు దొరకలేదు అన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ఇంకొకటి. ఇందులో మంచివాళ్లు మంచివాళ్లే చెడ్డవాళ్లు చెడ్డవాళ్లే అని చాలామంది అంటారు. సౌరాన్ సైన్యంలోని ఆర్కుల విషయంలో ఆ మాట నిజమే, వాళ్లు పుట్టుకతోనే చెడ్డవాళ్లన్నట్టు రాయడం నాకు నచ్చదు. కానీ ఇథిలియెన్‌లో శామ్ ముందు ఒక దక్షిణాది సైనికుడు చచ్చి పడతాడు చూడండి. ఇతని పేరేమిటో, ఎక్కడి నుంచి వచ్చాడో, నిజంగా చెడ్డవాడేనా, ఏ అబద్ధాలు చెప్పి, ఏం బెదిరించి ఇంత దూరం నడిపించారో, ఇంట్లో ఉండిపోవడమే అతనికి ఇష్టమేమో అని శామ్ ఆలోచిస్తాడు. ఆ మాటలు సినిమాలో ఫారామిర్‌కి ఇచ్చారు. ఒక తోటమాలి మనసులో అవి మెదలడమే నాకు ఎక్కువ నచ్చింది.

ఇసుకగడియారం:

గడ్డిపూలు గారు చెప్పిన ఆ శవం ఊహించి రాసింది అనుకోలేను. టోల్కిన్ 1916లో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ ఆఫీసరుగా ఉన్నాడు, అప్పటికి వయసు ఇరవైనాలుగు. కందకాల జ్వరం వచ్చి నవంబరులో ఇంగ్లండ్‌కి తిరిగొచ్చాడు. 1918 నాటికి తన దగ్గరి స్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరూ చనిపోయారని రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే రాశాడు. అదే ముందుమాటలో ఈ కథని రెండో ప్రపంచ యుద్ధానికి ప్రతీకగా చదవొద్దని కూడా గట్టిగా చెప్పాడు, ఉంగరం అంటే అణుబాంబు అని తేల్చేసేవాళ్లు ఒకసారి అది చదవాలి. కానీ ప్రతీక వేరు, అనుభవం వేరు. బురదలో మునిగిన శవాల మొహాలు నీళ్లలోంచి పైకి చూస్తున్నట్టుండే ఆ చిత్తడి నేల వర్ణన చదివితే, ఇది చూసినవాడు రాసింది అని మనకే తెలిసిపోతుంది.

చివరి ఆరు అధ్యాయాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది షైర్‌ని తిరిగి దక్కించుకునే అధ్యాయం. సినిమాలో లేదు. నలుగురూ ఇంటికి వస్తే చెట్లు నరికేసి ఉంటాయి, వాగులో మురికి, గోడల మీద నిబంధనల జాబితాలు, వాటి కింద భయపడుతూ బతుకుతున్న తోటి హాబిట్లు. బయటి యుద్ధం గెలిచి వస్తే ఇంట్లో యుద్ధం. అక్కడ పందొమ్మిదిమంది హాబిట్లు చనిపోతారు, దాదాపు డెబ్బైమంది దుండగులు కూడా. ఆ పోరులో ఫ్రోడో కత్తే తియ్యడు. లొంగిపోయినవాళ్లని ఆవేశంలో తనవాళ్లు చంపకుండా అడ్డుపడటమే అతని పని. షైర్‌ని పాడుచేసిన మాంత్రికుడు సారుమన్ మీదపడి పొడవబోయినా వదిలెయ్యమంటాడు. ఉంగరం మోసిన మనిషికి ఇక ఎవరినీ దండించే కోరిక మిగల్లేదు.

నాకు ఇక్కడ మన భారతం గుర్తొస్తుంది. కురుక్షేత్రం అయిపోయాక ధర్మరాజు సింహాసనం వద్దని కుమిలిపోతాడు కదా, శాంతిపర్వం అక్కడే మొదలవుతుంది. యుద్ధం అయ్యాక మిగిలే శూన్యం ఎంత పెద్దదో మనవాళ్లకి ముందే తెలుసు. తేడా ఏంటంటే ధర్మరాజుకి చెప్పడానికి అంపశయ్య మీద భీష్ముడున్నాడు, ఫ్రోడో దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

మెట్లదారి:

నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను, రాయను. చిరుగాలి గారు తేదీల గురించి రాశారు కాబట్టి రాయాలనిపించింది.

ఆరేళ్ల క్రితం నాకు యాక్సిడెంట్ అయింది. ఎముకలు అతుక్కున్నాయి, నడుస్తున్నాను, పరుగు కూడా వచ్చింది, అందరూ అదృష్టవంతుడివి అంటారు. కానీ ప్రతి ఏడూ ఆ నెల దగ్గర పడగానే నాకే తెలియకుండా చిరాకు మొదలవుతుంది, నిద్ర పట్టదు, తీరా క్యాలెండర్ చూస్తే ఆ వారమే. ఎవరికైనా చెప్తే ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా అంటారు. నేను పట్టుకోలేదు, అదే నన్ను పట్టుకుంది. గుర్రం మీద ఉన్న ఫ్రోడో నీళ్ల ముందు ఆగిపోయే ఆ పేరా దగ్గర పుస్తకం పక్కన పెట్టి ఏడ్చాను. దయ్యాలూ మాయ కత్తులూ ఉన్న పుస్తకంలో నా విషయం ఇంత కచ్చితంగా రాసి ఉంటుందని అనుకోలేదు. అంతే, ఇది చెప్దామనే.

చిరుగాలి:

మెట్లదారి గారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. మీ పోస్టు చదివాక ఆ అధ్యాయం మళ్లీ తీశాను. మొదటిసారి నేను గమనించని తేదీ ఇంకొకటి ఉంది, మార్చి 13, షెలాబ్ అనే పెద్ద సాలీడు ఫ్రోడోని కాటు వేసిన రోజు. మరుసటి ఏడు ఆ రోజు శామ్ ఊళ్లో లేడు, చెట్లు నాటే పని మీద తిరుగుతున్నాడు. ఫ్రోడో మంచం మీద పడి, మెళ్లో ఉన్న తెల్లరాయిని గట్టిగా పట్టుకుని, సగం కలలో ఉన్నవాడిలా ఉంటే రైతు కాటన్ చూస్తాడు. ఉంగరం శాశ్వతంగా పోయిందని, అంతా చీకటిగా, ఖాళీగా ఉందని ఫ్రోడో అంటాడు. ఆ రాయి ఆర్వెన్ ఇచ్చింది. 25న శామ్ తిరిగొచ్చేసరికి ఫ్రోడో కోలుకున్నాడు, తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆపై ఏడు మార్చిలో మళ్లీ వస్తుంది, అప్పుడూ కష్టం మీద దాచిపెడతాడు, ఎందుకంటే శామ్ ఇంట్లో పురుడు. మార్చి 25న ఎలనోర్ పుడుతుంది. ఉంగరం కాలిపోయిన రోజు కూడా మార్చి 25నే. పక్కగదిలో పసిబిడ్డ, ఈ గదిలో మొహం దాచుకున్న మనిషి. పెద్దగా దృశ్యం కట్టకుండా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు.

గడ్డిపూలు గారూ, ఫ్రోడోకి మందు ఎందుకు దొరకలేదని అడిగారు. ఎయోవిన్ కోల్పోయింది ఆశ, అది తిరిగొచ్చింది. ఫ్రోడో ఉంగరాన్ని కావాలనుకున్నాడు, ఇంకా లోలోపల కావాలనుకుంటున్నాడు, ఆ సంగతి అతనికే తెలుసు. ఉంగరం పోయినందుకు బాధ, బాధపడుతున్నందుకు సిగ్గు, రెండూ కలిస్తే ఏ మూలిక పనిచేస్తుంది? షైర్‌లో అందరూ మెర్రీ పిప్పిన్‌లని చూసి మురిసిపోతారు, శామ్‌ని గౌరవిస్తారు, ఫ్రోడోని పెద్దగా ఎవరూ పట్టించుకోరు, దానికి శామ్ నొచ్చుకుంటాడు. షైర్ దక్కింది కానీ నాకు కాదు అన్నట్టుగా మాట్లాడి, సముద్రం అవతలికి వెళ్లే ఓడ ఎక్కుతాడు. నాకు ఆ మాట అన్యాయంగా అనిపించింది, నిజంగానూ అనిపించింది.

పాతపేజీ:

కథ నడిపే పద్ధతి గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక్క మాట. రెండో సంపుటం చివర ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కుతాడు. మూడో సంపుటం మొదలయ్యాక అతని ఊసే ఉండదు, సగం పుస్తకం అంతా యుద్ధమే. నల్ల ద్వారం దగ్గర సౌరాన్ దూత వచ్చి ఫ్రోడో వెండి కవచం తీసి చూపించినప్పుడు గాండాల్ఫ్‌కి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు. సినిమాలో రెండు కథల్నీ కలిపి కోసి చూపిస్తారు కాబట్టి ఆ భయం ఉండదు. మొదటి పాఠకుల సంగతి ఆలోచించండి, రెండో సంపుటం వచ్చింది 1954 నవంబరులో, మూడోది 1955 అక్టోబరులో. దాదాపు ఏడాది పాటు ఫ్రోడో బతికున్నాడు, కానీ బందీ అన్న ఒక్క వాక్యంతో ఉండిపోయారు.

రాత్రిబండి గారూ, పదిహేడేళ్ల విరామం గురించి మీరన్నది కొట్టిపారేయను, మొదటి వంద పేజీలు నెమ్మదే. కానీ ఆ నెమ్మదిలో మనకి షైర్ ఇల్లులా అలవాటవుతుంది. అది అలవాటు కాకపోతే చివర్న అక్కడ చెట్లు నరికి ఉంటే మనకేం బాధ? పాటలు కళ్లతో దాటెయ్యకండి, పైకి చదివి చూడండి, రెండోసారి మీకే తేడా తెలుస్తుంది.

రాత్రిబండి:

మీ అందరి పోస్టులూ రెండుసార్లు చదివి, పుస్తకం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పదకొండు రోజులైంది. పాటలు పైకే చదివాను. బాంబడిల్ ఇంట్లో ఈసారి ఆగలేదు, ఫ్రోడో ఉంగరం పెట్టుకుని మాయమైతే ఆయనకి మాత్రం కనిపిస్తూనే ఉంటాడే, ఆ చోట నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

ఇప్పుడే సమాధుల దిబ్బ దాటాను. పాతపేజీ గారూ, ఆ బాకులు ఆకు ఆకారంలో ఉన్నాయి, మీద ఎరుపూ బంగారు రంగుల్లో పాముల నగిషీ ఉంది. అంగ్మార్ పేరు బాంబడిలే చెప్తాడు, రెండుసార్లు ఇక్కడిదాకా వచ్చి ఉంటే అప్పుడే తెలిసేది. మెర్రీ తన బాకు ఒరలో పెట్టుకున్నాడు. అది ఎవరి మోకాలి కోసం దాచి ఉందో నాకు తెలుసు, అతనికి తెలియదు. రేపు బ్రీ ఊరు.